తవ్వుకుపోయిన దుంపలు

ఆగస్టు మొదటి సోమవారం పొద్దున వాన వెలిసేసరికి ఎనిమిదయింది. నోరీన్ టీ కప్పు చేత్తో పట్టుకుని, భర్త రబ్బరు బూట్లలో కాళ్ళు దూర్చుకుని పెరట్లోకి వచ్చింది. ఈస్టరుకు ముందు చర్చి మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచి ఆమె తోటను కిటికీలోంచి చూడటమే తప్ప తాకింది లేదు. కట్టు విప్పాక కూడా, చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి జూలై అయ్యేదాకా పార పట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. ఇప్పుడు జూలై అయిపోయింది.

ఇంటి దక్షిణపు గోడ పక్కన క్రొకాస్మియా గుబురు ఎర్రగా విరగబూసి ఉంది. ఐర్లాండులోని వాళ్ళ ఊరు క్లొనకిల్టీ చుట్టుపక్కల రోడ్ల వెంట, గట్ల మీద ఎవరూ నాటకుండానే నారింజ రంగులో పూసే పొట్టి రకం కాదది. నోరీన్ తల్లి పెరట్లోంచి వచ్చిన పొడుగు రకం. కత్తుల్లాంటి ఆకులు నడుము దాటి లేస్తాయి, వాటి పైన వంపు తిరిగిన కొమ్మల మీద వరసగా పూలు. మిగతా తోటంతా అలిసిపోయి వాడుముఖం పట్టే వేళకు ఇది మొదలుపెడుతుంది. అందుకే ఆమెకు ఇదంటే ప్రాణం.

ఎదురుగా నిలబడి చూస్తే అంతా బాగానే ఉంది. ఎండు కొమ్మలు తీసేద్దామని గోడవైపు వెళ్ళింది నోరీన్. అక్కడే ఆగిపోయింది.

గుబురు వెనక భాగం లేదు. కేకు ముక్క కోసి తీసినట్టు, బారెడు మేర ఖాళీగా ఉంది. పైన ఎరువు మట్టి నింపి, చేత్తో తట్టి చదును చేశారెవరో. ఆమె వంగి ఎడమ చేత్తో మట్టి తవ్వింది. అంచున పాత దుంపలు రెండు మూడు తగిలాయి. క్రొకాస్మియాకు ఏటా పాత దుంప నెత్తిన కొత్త దుంప పుడుతుంది. కొన్నేళ్ళకు అవి గొలుసులా పేరుకుని ఒకదాన్నొకటి నొక్కేసుకుంటాయి. అప్పుడు వసంతంలో తవ్వి విడదీసి వేరే నాటాలి. లేకపోతే ఆకులే తప్ప పూలు రావు. తవ్వినవాళ్ళు పైనున్న బలమైన దుంపలు తీసుకుని, కిందివి కొన్ని వదిలేశారు.

గొడ్డో గోదో తవ్విన పని కాదిది. తెలిసినవాళ్ళ పని.

వంటింట్లో భర్త కార్మక్ రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. ముప్పై మూడేళ్ళు ఊరూరా ఉత్తరాలు పంచి ఆరేళ్ళ కిందట ఉద్యోగం దిగినవాడు. ఎవరి దూడ తప్పిపోయినా పది ప్రశ్నలు వేసి గానీ వదలని మనిషి.

"అమ్మ క్రొకాస్మియా ఎవరో తవ్వుకుపోయారు," అంది నోరీన్.

కార్మక్ తలెత్తలేదు. "కుందేళ్ళేమో."

"కుందేళ్ళు పార పట్టుకుని వస్తాయా? తవ్విన గుంటలో ఎరువు కూడా పోసి పోతాయా?"

"ఎవరికి కావాలే ఆ దుంపలు? ఈ ఊళ్ళో గట్టు గట్టునా అవే కదా."

"అవీ ఇవీ ఒకటేనా? నలభై ఏళ్ళుగా చూస్తున్నావు."

"నాకేం తెలుసు మొక్కల సంగతి," అని అతను టీ తాగేసి పత్రిక చేతికి తీసుకున్నాడు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అతని చెవులు ఎర్రబడటం నోరీన్ చూసింది. చూసి కూడా వేడి టీ వల్లేమోలే అనుకుంది.

ఆమె అనుమానమంతా పక్కింటి బ్రీడా టూమీ మీదే. ఈ నెల పదిహేనున, మేరీమాత పండుగనాడు, ఊళ్ళో తోటలన్నీ అందరూ చూడటానికి తెరుస్తారు. బ్రీడా పెరట్లో ఉన్నది పసుపు క్రొకాస్మియా ఒక్కటే. ఎర్రది పిలక ఒకటి ఇవ్వమని ఆమె మూడేళ్ళుగా అడుగుతోంది, "వసంతంలో చూద్దాంలే" అని నోరీన్ మూడేళ్ళుగా దాటవేస్తోంది.

నోరీన్ వెళ్ళేసరికి బ్రీడా గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"నీ తోట ఒకసారి చూద్దామని వచ్చాను," అంది నోరీన్.

"పొద్దున్నే? చెప్పులు కూడా మార్చుకోకుండా?" బ్రీడా ఆమె కాళ్ళకున్న మగ బూట్లు చూసింది. "ఏం పోయిందేంటి?"

"నేను పోయిందన్నానా?"

"నీ మొహం అంటోంది. చూడు, బాగా చూడు. కావాలంటే మంచం కింద కూడా చూడు."

నోరీన్ సిగ్గుపడుతూనే గోడ పొడుగునా చూసింది. ఎక్కడా ఎర్ర పువ్వు లేదు. జరిగింది చెప్పక తప్పలేదు. బ్రీడా ఒళ్ళోని గిన్నె నేల మీద పెట్టేసింది.

"నలభై ఏళ్ళ ఇరుగుపొరుగుని దొంగని చేశావన్నమాట. సరే అయితే విను. చెప్పకూడదనుకున్నాను గానీ నువ్వే నోరు విప్పిస్తున్నావు. ఏప్రిల్లో నువ్వు చేతి వైద్యానికి వెళ్ళిన రోజున మీ గోడ పక్కన ఎవరు మోకాళ్ళ మీద కూర్చుని తవ్వుతున్నారో నేను చూశాను. మీ ఆయనే. గోనెసంచీలో వేసుకుని కారు డిక్కీలో పెట్టుకున్నాడు."

"కార్మకా? గడ్డికీ గన్నేరుకీ తేడా తెలీదు అతనికి!"

"ఇంకోటి కూడా చెప్తాను, నీకిష్టమున్నా లేకపోయినా. బుధవారం బుధవారం పెద్దవాళ్ళ కేంద్రంలో పేకాటకని వెళ్తాడుగా? మా అన్నయ్య కూడా అక్కడే ఆడతాడు. కార్మక్‌కి ఒంట్లో బాగోలేదా, ఫిబ్రవరి నుంచి రావడమే లేదు అని మొన్న నన్నడిగాడు."

నోరీన్ గోడ పట్టుకుంది. బ్రీడాకు కోపం దిగిపోయింది. "కూర్చో పిల్లా, కాసిని నీళ్ళు తాగు," అంది. నోరీన్ కూర్చోలేదు.

మధ్యాహ్నం కార్మక్ కునుకు తీస్తుండగా ఆమె కారు డిక్కీ తెరిచింది. మోకాళ్ళ కింద వేసుకునే మెత్త, నీళ్ళ డబ్బా, తన చిన్న చేతిపార. ఈ చేతిపార కోసమే పోయిన వారమంతా వెతికింది తను. ముందు సీటు కింద కార్క్ నగరంలో కారు నిలిపిన చీటీలు ఉన్నాయి. అన్నీ బుధవారాలవే.

కార్క్ నగరంలో కార్మక్‌కి ఎవరున్నారు? ఒక్క ఫిలోమినా ఉంది. నోరీన్‌ను పెళ్ళాడకముందు అతను రెండేళ్ళు ఆమె వెంట డాన్సులకు తిరిగాడని ఊరందరికీ తెలుసు. ఆమె భర్త జనవరిలో పోయాడు. ఆ అంత్యక్రియలకు కార్మక్ ఒక్కడే వెళ్ళి, ఇస్త్రీ చొక్కాతో, కళ్ళు వాచి తిరిగొచ్చాడు. ఆ తర్వాత నెల నుంచే పేకాట మానేశాడు.

లెక్క సరిపోయింది. నోరీన్ చీటీలు ఎక్కడివక్కడే పెట్టి డిక్కీ మూసేసింది.

సాయంత్రం కూతురు ఓర్లా బడి సర్దే పని చూసుకుని వచ్చింది. టీచరుగా పనిచేస్తూ ఈ మధ్య రెండేళ్ళుగా తల్లిదండ్రుల దగ్గరే ఉంటోంది. నోరీన్ చెప్పినదంతా విని ముందు పకపకా నవ్వింది.

"నాన్నకా? ఒకే స్వెట్టరు పదేళ్ళు వేసుకునే నాన్నకి ఇంకో ఆవిడా? ఆవిడకి కళ్ళు కనపడవా ఏంటి?"

"నవ్వకు. నాకు నవ్వు రావట్లేదు."

ఓర్లా తల్లి మొహం చూసి నవ్వు ఆపేసింది. "అమ్మా, అడిగెయ్. నేరుగా అడిగితే పోలా?"

"నలభై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషిని ఏమని అడగాలి? మా అమ్మ దుంపలు ఎవరి పెరట్లో నాటావని అడగనా?"

మంగళవారమంతా ఆమె అతన్ని గమనిస్తూనే ఉంది. అతను మామూలుగానే బంగాళాదుంపలు తొక్క తీశాడు, రేడియో విన్నాడు, "చెయ్యి నొప్పెడుతోందా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ ప్రేమ చూస్తే ఆమెకు మరింత అనుమానం వేసింది. తప్పు చేసినవాడే కదా అంత మెత్తగా ఉంటాడు అనుకుంది.

బుధవారం పదింటికి కార్మక్ గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, కారు తాళాలు చేతిలో పట్టుకుని వచ్చాడు. నోరీన్ వీధి తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉంది.

"పేకాటకా?"

"ఆ... ఒంటిగంటకల్లా వచ్చేస్తాను."

"పోయిన వారం గెలిచిందెవరు?"

"బ్రీడా వాళ్ళన్నయ్య. ఆయనదే ఎప్పుడూ అదృష్టం."

"ఆయన నిన్ను ఫిబ్రవరి నుంచి చూడలేదట."

కార్మక్ చేతిలో తాళాలు కదలడం ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో ఓర్లా గిన్నె తుడుస్తూ నిలబడిపోయింది.

"అబద్ధం ఎంత నున్నగా వచ్చింది నీకు!" అంది నోరీన్. "ఇన్నేళ్ళూ ఎన్ని చెప్పావో ఇక. కార్క్‌లో చీటీలు చూశాను. నా చేతిపార చూశాను. ఫిలోమినాకి పూలు కావాలంటే దుకాణంలో కొనివ్వు కార్మక్, నీ పెన్షనుంది. మా అమ్మ చేత్తో నాటినవి పెకలించి పట్టుకెళ్ళి ఇంకో ఆడదాని పెరట్లో..."

"ఫిలోమినానా?" అతను నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "ఆ అంత్యక్రియల రోజు తప్ప నేను ఆవిడ మొహం చూడలేదు."

"మరి ఎవరి దగ్గరికి వెళ్తున్నావు వారం వారం?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెల్ల చొక్కా గుండీ ఒకటి విప్పాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నువ్వే చెప్పొద్దన్నావు," అన్నాడు చివరికి.

"నేనా? ఏం చెప్పొద్దన్నాను?"

"పాప గురించి."

నోరీన్ తలుపుకు ఇంకా గట్టిగా ఆనుకుంది.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి మాట. పెళ్ళయిన రెండో ఏడు, ఆగస్టులోనే, నొప్పులొచ్చి నగరంలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మత్తుమందు ఇచ్చారు. కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. బిడ్డ దక్కలేదు, నీకింకా వయసుంది, మర్చిపో అన్నారు. మగో ఆడో కూడా ఎవరూ చెప్పలేదు. అడగవచ్చని ఆమెకు తెలియదు. ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు.

"పాపా?" అంది నోరీన్. "ఆడపిల్లా?"

"ఆడపిల్లే." కార్మక్ రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "బాప్తిస్మం లేని బిడ్డకి సమాధి ఇవ్వరన్నారు. ఆసుపత్రివాళ్ళు ఒక పెట్టెలో పెట్టి తీసుకెళ్ళారు. ఎక్కడికని అడిగితే, నువ్వు మీ ఆవిణ్ణి చూసుకో నాయనా అన్నారు. అంతే. ఫిలోమినా మొగుడి అంత్యక్రియల్లో శ్మశానంలో పనిచేసే ఒకాయనతో మాట కలిసింది. పాత రిజిస్టర్లు ఇప్పుడు అడిగితే చూపిస్తున్నారన్నాడు. ఉత్తరం రాశాను. జవాబు ఇంటికి రాకుండా పోస్టాఫీసులోనే ఆపించుకున్నాను. ఉంది నోరీన్. మన పేరుంది, తారీకుంది, గోడవారన ఎన్నో వరసో కూడా ఉంది. అది తెలిశాక ఇక పేకాటకి ఎలా వెళ్తాను?"

ఓర్లా గిన్నె బల్ల మీద పెట్టింది. "నాకో అక్క ఉందా?" అంది నెమ్మదిగా.

నోరీన్‌కు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆమె వెనకున్న తలుపు మీద దెబ్బ వేసింది, నయమైన చేత్తోనే, నొప్పికి మొహం ముడుచుకుపోయింది.

"ఆరు నెలలు! ఆరు నెలలు నువ్వొక్కడివే వెళ్ళి కూర్చున్నావు! తొమ్మిది నెలలు మోసింది నేను. నాకు తెలియకుండా నా బిడ్డ దగ్గరికి వెళ్ళడానికి నువ్వెవరు?"

"ఓర్లా పుట్టకముందు ఒకసారి ఎత్తాను ఆ మాట. గుర్తుందా? ఆ కిటికీ దగ్గర నిలబడి ఉన్నావు. ఇంకోసారి ఈ ఇంట్లో ఆ మాటెత్తితే నీతో ఉండను అన్నావు. భయపడ్డాను. అప్పటి నుంచీ భయపడుతూనే ఉన్నాను."

ఆ మాట తను అన్నట్టు నోరీన్‌కు గుర్తే లేదు. ఆమెకు గుర్తున్నది వేరే. ఏటా ఆగస్టు నెలలో ఆ తారీకున అతను టోపీ పెట్టుకుని, ఈల వేసుకుంటూ ఉత్తరాలు పంచడానికి వెళ్ళిపోయేవాడు. వీడికి గుర్తు కూడా లేదు, రాయి వీడు అని ఆమె వెనకనుంచి చూస్తూ అనుకునేది. ఎవరికీ చెప్పలేదు గానీ ముప్పై ఎనిమిదేళ్ళూ అతని మీద ఆమెకున్న అసలు అనుమానం అదొక్కటే. దుంపలూ ఫిలోమినా దాని ముందు ఏపాటివి?

"ఆ రోజున నువ్వు ఈల వేసుకుంటూ వెళ్ళేవాడివి," అంది.

"వీధి మలుపు దాకా," అన్నాడు కార్మక్. "నీకు వినపడాలని. ఆ తర్వాత ఎవరి గట్టు మీదో కూర్చునేవాణ్ణి. ఆ రోజు ఊళ్ళో ఉత్తరాలన్నీ గంట ఆలస్యం."

నోరీన్ తలుపు దగ్గర నుంచి కదిలి అతని ఎదుట కూర్చుంది. "అమ్మ పూలే ఎందుకు?" అని అడిగింది.

"ఏం పట్టుకెళ్ళాలో తెలీలేదు. అమ్మమ్మగారింటి నుంచి ఏదో ఒకటి అందాలి కదా పిల్లకి అనిపించింది. పూశాక నిన్ను తీసుకెళ్దామనుకున్నాను. పూలు చూపించి అప్పుడు చెప్తే, అంత కోపం రాదేమోనని. కానీ పూయట్లేదే. వారం వారం వెళ్ళి చూస్తున్నాను. ఉత్తి ఆకులే."

నోరీన్ లేచింది. "ఓర్లా, నా కోటు తీసుకురా," అంది.

గంట ప్రయాణంలో ముగ్గురూ పెద్దగా మాట్లాడుకోలేదు. శ్మశానం నగరం అంచున ఉంది. పెద్ద పెద్ద పాలరాతి సమాధులన్నీ దాటి, తూర్పు గోడవారన ఉన్న గడ్డి జాగాకు కార్మక్ దారి తీశాడు. అక్కడ పేర్లు లేవు. వరస చివర అంకె చెక్కిన చిన్న రాళ్ళే. ఒక రాతి పక్కన తువ్వాలంత మడి ఉంది, దాంట్లో కత్తుల్లాంటి పచ్చటి ఆకులు ఒత్తుగా లేచి ఉన్నాయి. ఒక్క మొగ్గ కూడా లేదు.

నోరీన్ మెత్త వేసుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. వేలితో ఒక మొదలు దగ్గర మట్టి కదిపి చూసింది. మరో మొదలు చూసింది. అప్పుడు ఆమె గొంతు లేచింది.

"ఇదేం నాటడం? వేలెడు లోతులో నాటుతారా ఎవరైనా? అరజానెడు ఉండాలి! పైగా ఎర్రచీమల్లా ఒకదాని మీద ఒకటి కుక్కావు. మధ్యలో జాగా అక్కర్లేదూ? గోడ నీడ వేరే!"

"మధ్యాహ్నం ఎండ వస్తుంది," అన్నాడు కార్మక్ వినయంగా. "మూడు గంటలుంటుంది. చూశాను."

"విడదీసి నాటిన ఏడు ఇవి అలుగుతాయి. పూలు ఇవ్వవు. మొదటి ఏడు ఆకులే. ఈ సంగతి నన్నడిగితే చెప్పేదాన్నిగా! ఎవరినైనా అడిగితే చెప్పేవాళ్ళుగా!" ఆమె ఆకులు నిమురుతూ తిడుతూనే ఉంది. "దీని పేరేంటో తెలుసా అసలు? ఈ ఎర్రదాన్ని ఏమంటారో తెలుసా నీకు? లూసిఫర్! సైతాను పేరు! పసిపిల్ల దగ్గర తీసుకొచ్చి లూసిఫర్ని నాటావా మనిషీ!"

కార్మక్ తెల్లబోయాడు. "మేరీమాతా!" అని టోపీ తీసేశాడు. ఓర్లాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు నోరీన్‌కు అంటుకుంది, ఆమె భుజాలు కదిలాయి, నవ్వుతూ నవ్వుతూనే ఎప్పుడు ఏడుపులోకి దిగిందో ఎవరికీ తెలియలేదు. ముప్పై ఎనిమిదేళ్ళది ఒక్కసారిగా వచ్చింది. గడ్డి మీద నుదురు ఆనించి ఏడ్చింది. కార్మక్ నొప్పి మోకాళ్ళతో ఎలాగో ఆమె పక్కన కూలబడ్డాడు. చెయ్యి వెయ్యాలా వద్దా అని చూసి, చివరికి ఆమె వీపు మీద వేశాడు. ఆమె తోసెయ్యలేదు.

"ఇప్పుడే కదపకూడదు," అంది కాసేపటికి, మొహం తుడుచుకోకుండానే. "ఆకులు వాటంతట అవి ఎండిపోనీ. చలికాలమంతా అవే కప్పుకుని ఉంటాయి. మార్చిలో వచ్చి అన్నీ తీసి మళ్ళీ సరిగ్గా నాటుదాం."

"నాటుదాం," అన్నాడతను.

"నిన్ను క్షమించానని అనుకోకు. ఇంకా లేదు."

"అనుకోను."

ఓర్లా నీళ్ళ డబ్బా తీసుకుని కుళాయి వెతుక్కుంటూ వెళ్ళింది. తల్లిదండ్రులను కాసేపు వదిలెయ్యాలని ఆమెకు తెలిసింది. నోరీన్ అతని వైపు తిరిగింది. ఆమెకు ఒక విషయం అడగాలని ఉంది. అడగటానికి ధైర్యం చాలక ఆకుల మొదళ్ళ దగ్గర మట్టి సర్దింది.

"నువ్వు చూశావా దాన్ని?"

"చూశాను. ఒక నర్సు తువ్వాలులో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. పెద్ద నర్సు వచ్చేలోపు పది నిమిషాలు ఉంచుకో అంది. పది నిమిషాలూ ఉంచుకున్నాను."

"ఎవరి పోలిక?"

కార్మక్ పొరపాటు చెప్పకూడదన్నట్టు బాగా గుర్తుచేసుకుంటున్నాడు. తర్వాత చెయ్యి చాచి, భార్య నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట వేలు పెట్టాడు.

"ఇక్కడి నుంచి ఇక్కడి దాకా నువ్వే," అన్నాడు. "గడ్డం మాత్రం మా అమ్మది. జుట్టు నల్లగా, తడిగా, ఒక పక్కకి పడుంది. కోపంగా ఉన్నట్టు కనుబొమలు ఇలా పెట్టింది."

"ఇంకా?" అంది నోరీన్. "ఇంకా చెప్పు."